చిన్న బొమ్మకు పలచని పూత: ప్రైమర్ వేయడం, రంగు పలచన చేయడం

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో వాడే 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే నిలువెత్తు మనిషిని సుమారు అరవయ్యో వంతుకు కుదించిన రూపం. ఆ లెక్కన బొమ్మ మీద 0.1 మిల్లీమీటరు మందాన రంగు పేరుకుంటే అసలు మనిషి ముఖం మీద 6 మిల్లీమీటర్ల పూత పూసినట్టే. కనురెప్ప అంచు, పెదవుల మధ్య గీత, గొలుసు కవచంలో ఒకదానిలో ఒకటి దూరిన వలయాలు, అన్నీ ఆ పూత కింద మునిగిపోతాయి. శిల్పి చెక్కిన ఆ సన్నని పని కోసమే కదా అంత డబ్బు పెట్టి బొమ్మ కొన్నాం! కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏ రంగు కొనాలి, వెలుగునీడలు ఎలా తేవాలి అని మథనపడుతుంటారు. అవన్నీ తర్వాతి సంగతులు. ప్రైమర్, అంటే రంగు కంటే ముందు వేసే పునాది పూత, సమంగా పడి, రంగు తగినంత పలచనైతే మామూలు నేర్పు ఉన్నవాళ్లు వేసిన బొమ్మ కూడా బల్ల మీద హుందాగా నిలబడుతుంది. ఆ రెండూ కుదరకపోతే మిగతా నేర్పంతా వృథా.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగుల గురించి: స్పెయిన్ వారి వయేహో, బ్రిటన్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ అమ్మే సిటడెల్, డెన్మార్క్ నుంచి వచ్చే ఆర్మీ పెయింటర్ వంటివి. జపాన్‌కు చెందిన తమియా సీసాల మీద కూడా అక్రిలిక్ అనే ఉంటుంది కానీ వాటిలో ఆల్కహాల్ పాలు ఎక్కువ. వాటికి ఆ కంపెనీ థిన్నర్ ఎక్స్-20ఏ వాడాలి. ఘాటైన ద్రావకాలతో పలచన చేసే ఎనామెల్, లాకర్ రంగుల పద్ధతి వేరు.

ప్రైమర్ చేసే పని

ప్లాస్టిక్, తెల్లలోహం, రెజిన్ ఏవీ నీటిని పీల్చుకోవు. వాటి మీద నేరుగా నీళ్ల రంగు వేస్తే అది ముత్యాల్లా విడిపోయి లోతైన చోట్లకు జారుకుంటుంది. ఎలాగో ఆరినా, ఆటలో నాలుగుసార్లు చేతిలోకి తీసుకునేసరికి ముక్కు మీద, కత్తి అంచు మీద రేగిపోతుంది. ప్రైమర్‌లోని జిగురు పదార్థం బొమ్మ ఒంటిని గట్టిగా పట్టుకుంటుంది. ఆరాక పైభాగం కంటికి కనిపించనంత గరుకుగా ఉండి, రాబోయే రంగుకు పట్టు ఇస్తుంది. బూడిద, ఎరుపు, ఆకుపచ్చ ప్లాస్టిక్కుల తేడాను చెరిపేసి ఒకే రంగు నేలను అందించడం రెండో ప్రయోజనం. మన కొండపల్లి బొమ్మల తయారీలోనూ పొనికి కొయ్యకు రంగు వేసే ముందు సున్నపు పూత వేస్తారు. ముడి వస్తువు వేరైనా ఆ పూత వెనుక ఉన్న ఆలోచన ఇదే.

కడగడం, గీకడం

రెజిన్ బొమ్మలు అచ్చుకు అంటుకోకుండా తయారీదారులు జిడ్డు పదార్థం రాస్తారు. అది ఒంటి మీద మిగిలి ఉంటే ప్రైమర్ పెచ్చులుగా ఊడిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, మంచి నీళ్లతో కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే సన్నని కత్తులు, ఈటెలు వంగిపోతాయి. గట్టి ప్లాస్టిక్ బొమ్మలకు ఈ బెడద తక్కువే. అయినా కడగడం వల్ల పోయేది ఏమీ లేదు.

అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ చుట్టూ ఒక సన్నని గీత మిగులుతుంది. దాన్ని కత్తి వీపుతో, అంటే పదును లేని వైపుతో, గీకేయండి. తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో ఒకసారి రుద్దితే చాలు. రెజిన్ మీదైతే కాగితాన్ని తడిపే రుద్దాలి. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఈ గీతను ఇప్పుడు వదిలేస్తే రంగు దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

బొమ్మను ఖాళీ రంగు సీసా మూతకో పాత మందు సీసాకో రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి పట్టుకోండి. వేళ్ల జిడ్డు ఇక బొమ్మకు అంటకూడదు.

ఏ ప్రైమర్

స్ప్రే డబ్బా, ఎయిర్ బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును తుంపరగా చిమ్మే చిన్న పరికరంతో) కొట్టేది, కుంచెతో పూసేది అని మూడు రకాలు. గట్టి ప్లాస్టిక్‌కూ లోహానికీ స్ప్రే డబ్బా అన్నిటికంటే త్వరగా పని కానిస్తుంది. జపాన్ వారి మిస్టర్ సర్ఫేసర్‌లో 500, 1000, 1200, 1500 అని నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగే కొద్దీ పూత నునుపు పెరుగుతుంది. చిన్న బొమ్మలకు 1000 గాని, ఆపైది గాని తీసుకోండి. ఇవి లాకర్ రకం. ఘాటు ఎక్కువ, పట్టూ ఎక్కువే.

మన ఊళ్లలో హార్డ్‌వేర్ దుకాణాల్లో, వాహనాల రంగులు అమ్మే చోట చవకగా దొరికే ప్రైమర్ స్ప్రేలు చాలామందిని ఊరిస్తాయి. లోహపు బొమ్మలకు వాటిలో కొన్ని బాగానే పనికొస్తాయి. ప్లాస్టిక్ మీద మాత్రం జాగ్రత్త. వాటిలోని ద్రావకాలు గట్టి బొమ్మల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగించగలవు. బొమ్మ భాగాలు అమర్చి వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్క ఎలాగూ పారేసేదే కాబట్టి ముందుగా దాని మీద కొట్టి ఒక రోజు ఆగి చూడండి. ముక్క మెత్తబడినా, గోటితో గీస్తే పొర లేచినా ఆ డబ్బాను బొమ్మ దగ్గరికి రానివ్వకండి. పైగా వాహనాల ప్రైమర్ గీతలను నింపడానికి తయారైనది, కాబట్టి సహజంగానే మందం ఎక్కువ.

బోర్డు ఆటల పెట్టెల్లో వచ్చే, వేలితో వంచితే వంగే మెత్తని ప్లాస్టిక్ బొమ్మల సంగతి వేరు. వాటి మీద కొన్ని స్ప్రేలు ఎన్ని రోజులైనా పూర్తిగా ఆరక జిగటగా ఉండిపోతాయి. వాటికి నీళ్ల ఆధారిత ప్రైమర్‌ను కుంచెతోనో ఎయిర్ బ్రష్‌తోనో వేయడం క్షేమం.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల చేత తెప్పించుకోవాలనుకుంటే ఒక మాట. స్ప్రే పెయింట్ డబ్బాలను విమానంలో చేతి సంచిలోనూ సామానులోనూ అనుమతించరు, అవి మండే వాయువుతో నిండినవి. నీళ్ల ఆధారిత ప్రైమర్ సీసాలకు, రంగు సీసాలకు ఆ ఇబ్బంది లేదు. మూతలు బిగించి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెద్ద సామానులో పెట్టమనండి.

రంగు విషయానికొస్తే మొదటి బొమ్మలకు బూడిద రంగు ప్రైమర్ కొనండి. నలుపు మీద వేస్తే పసుపు, ఎరుపు చచ్చిపోతాయి. తెలుపు మీద వదిలేసిన ప్రతి మూలా కంటికి గుచ్చుకుంటుంది. బూడిద మీద లేతవీ ముదురువీ రెండూ నిలుస్తాయి, చెక్కడం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. కవచాలూ లోహపు రంగులూ ఎక్కువగా ఉన్న బొమ్మకు నలుపు, 2019లో సిటడెల్ తెచ్చిన కాంట్రాస్ట్ వంటి పారదర్శక రంగులకు తెలుపు లేదా లేత గోధుమ.

వాతావరణం చూసి స్ప్రే

ఇంగ్లండులో, అమెరికాలో తీసిన వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకు మన దగ్గర ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. ఎండ, తేమ రెండూ స్ప్రేకు శత్రువులే. అయితే అవి చేసే హాని ఒకటి కాదు.

మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మేడ మీద స్ప్రే చేస్తే తుంపర గాలిలోనే సగం ఆరిపోతుంది. ఆరిన రేణువులు బొమ్మ మీద పడి ఇసుక చల్లినంత గరుకు తేలుతుంది. ఒకసారి అలా అయితే పైన ఎన్ని పూతలు వేసినా ఆ గరుకు పోదు. తేమ చేసే హాని మరో రకం. లాకర్ స్ప్రేలోని ద్రావకం ఆవిరవుతూ బొమ్మ ఒంటిని చల్లబరుస్తుంది. చుట్టూ గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి ఒంటి మీద నీరు చేరి పూత పాలిపోతుంది. నల్ల ప్రైమర్ మీద తెల్లటి మసక తేలిందంటే కారణం చాలావరకు ఇదే.

గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే నిశ్చింతగా కొట్టవచ్చు. 70 దాటితే డబ్బా లోపల పెట్టేయండి. ఫోనులో వాతావరణం చూపించే యాప్‌లో తేమ శాతం కూడా ఉంటుంది. చవకైన తేమ మీటరు మీరు పనిచేసే చోటే పెట్టుకుంటే ఇంకా నయం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో తెల్లవారుజామున తేమ పతాక స్థాయిలో ఉంటుంది. చల్లగా ఉంది కదా అని ఆ వేళ మొదలుపెట్టకండి. హైదరాబాదులో శీతాకాలం ఈ పనికి మంచి కాలం. మంచు విడిచి ఎండ పొడ తగిలాక, పది పదకొండు గంటల వేళ నీడలో కొట్టండి. వేసవిలో ఎండ ముదరక ముందు, తేమ కొద్దిగా తగ్గిన ఆ నడిమి గంటను పట్టుకోవాలి. వానాకాలంలో స్ప్రే జోలికి పోకుండా కుంచె ప్రైమర్‌కు మారిపోవడం ఉత్తమమని నా గట్టి అభిప్రాయం. ఆ నాలుగు నెలల్లో తెరిపి కోసం ఎదురుచూసి, తొందరపడి కొట్టి, బొమ్మలు పాడుచేసుకోవలసిన అవసరం లేదు.

ఇక చేసే విధానం. డబ్బాను లోపలి గోళీ శబ్దం మొదలైన తర్వాత మరో రెండు నిమిషాల పాటు బాగా ఊపండి. చాలామంది పది సెకన్లు ఊపి వదిలేస్తారు. అడుగున పేరుకున్న రంగు కదలక మొదట పలచని ద్రవం, చివర్లో ముద్దలు వస్తాయి. శీతాకాలం ఉదయం డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కొద్దిసేపు ఉంచవచ్చు. మరిగే నీళ్లలో ఎన్నడూ పెట్టకండి. డబ్బాల మీద 50 డిగ్రీల హెచ్చరిక ముద్రించి ఉంటుంది. వేసవిలో ఎండలో ఆపిన కారులోనూ వదలకూడదు.

ముందు అట్టముక్క మీద ఒకసారి కొట్టి తుంపర సమంగా వస్తోందో లేదో చూడండి. బొమ్మకూ నాజిల్‌కూ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వేడి రోజున దీన్ని 15 వరకు తగ్గించవచ్చు, అప్పుడు చేయి మరింత వేగంగా కదలాలి. నొక్కడం బొమ్మకు ఒక పక్క ఖాళీలో మొదలుపెట్టి, బొమ్మ మీదుగా చేతిని కదిలించి, అవతలి ఖాళీలో వదలండి. నొక్కిన క్షణంలోనూ వదిలిన క్షణంలోనూ పెద్ద చుక్కలు ఊడిపడతాయి, అవి బొమ్మ మీద పడకూడదు. ఒక్కో వరుస అర సెకను, ఆపై బొమ్మను పావు వంతు తిప్పి మళ్లీ. మొదటి చుట్టు అయ్యేసరికి కింది ప్లాస్టిక్ ఇంకా మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. అలా కనబడాలి కూడా. పది నిమిషాలు ఆగి, బొమ్మను తలకిందులుగా పట్టుకుని చంకలు, గడ్డం కింద, అంగీ లోపలి మడతలు చూసుకుంటూ రెండో చుట్టు వేయండి. అప్పటికీ ఒక లోతైన మూల మిగిలితే దాని కోసం మూడోసారి స్ప్రే చేయకండి. అంత చిన్న చోటు కోసం బొమ్మ అంతటికీ మరో పొర పడుతుంది. అక్కడ కుంచెతో ప్రైమర్ చుక్క అద్దితే సరిపోతుంది.

ముఖానికి గుడ్డ మాస్కు చాలదు. రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్, చేతికి నైట్రైల్ తొడుగులు, గాలి ఆడే ఆరుబయలు కావాలి. వంటింటి కిటికీ పక్కన, దీపం వెలుగుతున్న చోట స్ప్రే పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో ఈ విషయంలో ఏ మినహాయింపూ తీసుకోకండి.

నలుపు ప్రైమర్ ఆరాక, కేవలం తల పైనుంచి, సూర్యకాంతి పడే దిక్కు నుంచి, తెలుపు లేదా లేత బూడిద ఒక్క పలచని వరుస కొడితే భుజాలు, తల, మడతల పైభాగాలు తేలిపోయి కిందివి చీకట్లో ఉండిపోతాయి. ఈ పద్ధతిని జెనితల్ అంటారు. పారదర్శకంగా పలచన చేసిన రంగుకు ఇది బ్రహ్మాండమైన పునాది.

కుంచెతో ప్రైమర్, ఎయిర్ బ్రష్

వయేహో సర్ఫేస్ ప్రైమర్ వంటివి అక్రిలిక్, పాలీయురేథేన్ కలిపినవి. వీటిలో నీళ్లు కలపకండి. కలిపితే పట్టు తగ్గి పొర రబ్బరులా ఊడివస్తుంది. సీసాను ఊపి, బుడగలు తేరుకునే దాకా ఆగి, మెత్తని వెడల్పు కుంచెతో పలచగా లాగండి. గుంటల్లో మడుగు కట్టిన చోట పొడి కుంచెతో పీల్చేయండి. రెండు పలచని పూతల మధ్య అరగంట ఇచ్చి, రంగు వేయడానికి ముందు పూర్తి రోజు వదలండి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల గట్టిపడడానికి ఆ సమయం కావాలి.

ఎయిర్ బ్రష్ ఉన్నవారికి 0.3 లేదా 0.4 మిల్లీమీటర్ల నాజిల్, 20 నుంచి 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) ఒత్తిడి ఈ ప్రైమర్లకు సరిపోతుంది.

రంగులో ఏముంది, నీళ్లు ఏం చేస్తాయి

అక్రిలిక్ రంగులో మూడు ముఖ్యమైన వస్తువులు ఉంటాయి: రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే అక్రిలిక్ జిగురు, నీళ్లు. నీళ్లు ఆవిరయ్యాక జిగురు రేణువులు దగ్గరై ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరగా మారతాయి, మధ్యలో రంగు పొడి చిక్కుకుంటుంది. సీసాలోంచి తీసిన రంగులో ఈ మూడింటి పాళ్లు తయారీదారు నిర్ణయించినవి. మనం నీళ్లు కలిపిన ప్రతిసారీ రంగు పొడి, జిగురు రెండూ పలుచబడతాయి. కొద్దిగా కలిపితే రంగు చక్కగా పరుచుకుని కుంచె గీతలు మాయమవుతాయి. మరీ ఎక్కువైతే జిగురు చాలక పొర బలహీనపడుతుంది. నీటి చుక్క అంచులు ముందుగా ఆరుతాయి కాబట్టి లోపలి నీరు అంచువైపు పారుతూ రంగు పొడిని అక్కడికే మోసుకుపోతుంది. ఆరాక మధ్యలో వెలవెలబోయి చుట్టూ ముదురు గీత మిగలడానికి కారణం అదే.

అందుకే రంగును బాగా పలచన చేయవలసి వచ్చినప్పుడు నీళ్ల బదులు మీడియం వాడాలి. మీడియం అంటే రంగు పొడి లేని అక్రిలిక్ జిగురు ద్రవం. అది రంగును పారదర్శకం చేస్తుంది కానీ పొర బలాన్ని తగ్గించదు. నా లెక్క ఇది: రంగుతో సమానంగా నీళ్లు కలిపే వరకు నీళ్లే చాలు, ఆ హద్దు దాటితే సగం నీళ్లు సగం మీడియం.

నీళ్లలోనూ తేడా ఉంది. మన వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బకెట్టు అడుగున తెల్లగా పేరుకునే ఆ పదార్థమే పలచని నల్ల రంగు ఆరాక బూడిద తెరలా తేలుతుంది. రంగులో కలిపే నీళ్లు ఆర్ఓ ఫిల్టరు నుంచో డిస్టిల్డ్ వాటర్ సీసా నుంచో తీసుకోండి. కుంచె కడగడానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు.

ఫ్లో ఇంప్రూవర్ నీటి తలతన్యతను తగ్గిస్తుంది. రంగు ముత్యాల్లా విడిపోకుండా గుంటల్లోకి పారుతుంది. నీళ్లలో ఇరవయ్యో వంతు కలిపితే చాలు. రిటార్డర్ ఆరడాన్ని ఆలస్యం చేస్తుంది, వేసవిలో ఇది అక్కరకు వస్తుంది. రెండింటిలో ఏది శ్రుతి మించినా పొర రోజుల తరబడి జిగటగా ఉండిపోతుంది. కొందరు ఫ్లో ఇంప్రూవర్ బదులు గిన్నెలు తోమే సబ్బు చుక్క వేస్తారు. బుడగలు వస్తాయి, పైపూత పట్టు దెబ్బతింటుంది. వద్దు. వయేహో వంటి రంగుల్లో నేరుగా స్పిరిట్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసినా రంగు పాల విరుగుడులా ముద్దలు కడుతుంది.

పాళ్లు

సీసాలన్నీ ఒకే చిక్కదనంలో రావు కాబట్టి ఈ అంకెలను ఆరంభ స్థానంగా మాత్రమే తీసుకోండి. మొదటి నేల పూతకు రెండు చుక్కల రంగుకు ఒక చుక్క నీళ్లు. పైన వేసే పొరలకు సమానం. గ్లేజ్, అంటే కింది రంగు కనబడేలా వేసే పారదర్శక పూతకు, రంగు ఒకటైతే నీళ్లు, మీడియం కలిపి నాలుగు నుంచి ఎనిమిది. గుంటల్లో నీడ కోసం పారించే వాష్‌కు పది వరకు. ఎయిర్ బ్రష్‌కు దాని కోసం తయారైన థిన్నర్ సమానంగా కలిపి 15 నుంచి 20 పీఎస్ఐలో కొట్టండి. లోహపు రంగులకు మాత్రం తక్కువ నీళ్లు. వాటిలోని మెరుపు రేకులు విడిపోతే వెండి కాస్తా బూడిద మరకవుతుంది.

అంకెలకంటే కన్ను నమ్మదగినది. ఒక ప్లాస్టిక్ చెంచాకు బొమ్మతోపాటే ప్రైమర్ కొట్టి దగ్గర పెట్టుకోండి. కలిపిన రంగును చెంచా వీపు మీద ఒక్క గీత గీయండి. కుంచె వెంట్రుకల జాడలు గట్లుగా నిలబడితే చిక్కన. గీత అంచులు తమంతట తామే పక్కలకు పాకితే నీళ్లెక్కువ, లేదా కుంచెలో రంగెక్కువ. గీత ఎక్కడ పెట్టారో అక్కడే నిలిచి, నునుపుగా పరుచుకుని, కింది ప్రైమర్ లీలగా కనిపిస్తే రంగు బొమ్మకు సిద్ధం. ఆ తేడాను చేయి గుర్తుపట్టేదాకా చెంచా మీద గీస్తూనే ఉండండి, చెంచాలకు కరువు లేదు.

ఫ్యాను కింద పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద చుక్క రంగు మే నెలలో కొద్ది నిమిషాల్లో తోలు కడుతుంది. దీనికి మందు వెట్ పాలెట్. మూత ఉన్న పలచని ప్లాస్టిక్ డబ్బా అడుగున స్పాంజి గాని, నాలుగు మడతల టిష్యూ గాని పరిచి నీళ్లతో తడపండి. దాని మీద బేకింగ్‌కు వాడే సిలికాన్ పూత కాగితాన్ని ముడతలు లేకుండా అంటించండి. మైనపు పూత కాగితం నీటిని పైకి రానివ్వదు, కొనేటప్పుడు చూసుకోండి. కాగితం మీద రంగు గంటల తరబడి పచ్చిగా ఉంటుంది. కిందినుంచి నీరు ఎక్కుతూ ఉంటుంది కాబట్టి కూర్చున్న కొద్దీ రంగు పలచనవుతుందని గుర్తుంచుకుని కొత్త చుక్క కలుపుతూ ఉండండి. లోహపు రంగులను దీని మీద పెట్టకండి, ఒక టైలు ముక్క చాలు. వాటి కుంచె కడిగే నీళ్ల గిన్నె కూడా వేరుగా ఉంచండి.

కుంచెలో ఎంత రంగు

రంగు సరిగ్గా కలిపినా చాలామంది తడబడేది ఇక్కడే. పలచని రంగులో ముంచిన కుంచెను నేరుగా బొమ్మకు తాకిస్తే చుక్కంతా ఒక్కసారిగా దిగి మడుగు కడుతుంది. కుంచె పొడవులో సగం వరకే రంగు ఎక్కించి, టిష్యూకు కుంచె పొట్టను ఒక్కసారి తాకించి, మొనను పాలెట్ మీద తిప్పి పదును తెచ్చుకున్నాకే బొమ్మ దగ్గరికి రండి. చిన్న పనికి చిన్న కుంచె అనుకుని 000 నంబరుతో మొదలుపెట్టకండి. దాని మొన మీది రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మంచి మొన ఉన్న 1 లేదా 2 నంబరు కుంచె కళ్లకు కూడా సరిపోతుంది, పొట్టలో రంగు నిలవ ఉంచుకుంటుంది. మొన తెచ్చుకోవడానికి కుంచెను నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. కొన్ని రంగు పొడుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉంటాయి, ఆ అలవాటు మానుకోవాలి.

ఒక ఎర్రటి దుప్పటి, మొదటి నుంచి చివరి దాకా

బూడిద ప్రైమర్ కొట్టిన సైనికుడి వీపు మీద మడతలు పడిన దుప్పటి ఉందనుకోండి. ఎరుపు సహజంగానే పలచని రంగు, కింది దాన్ని దాచే శక్తి తక్కువ. పసుపు, తెలుపు కూడా అంతే. అందుకే ముందు ఎరుపులో మూడో వంతు ముదురు గోధుమ కలిపి, రెండు చుక్కలకు ఒక చుక్క నీళ్లతో నేల పూత వేద్దాం.

భుజం దగ్గర మొదలుపెట్టి అంచు వరకు మడత పొడవునా ఒకే దిశలో లాగండి. వెనక్కి రుద్దకండి. మొదటి పూత అయ్యాక దుప్పటి అతుకులుగా, మచ్చలుగా, దిగులు పుట్టించేలా కనబడుతుంది. ఇక్కడే చాలామంది భయపడి, సగం ఆరిన పూత మీద మళ్లీ కుంచె పెడతారు. సగం ఆరిన పొర కుంచెకు అంటుకుని చిరుగుతుంది, దాని అంచులు గడ్డలుగా మిగిలిపోతాయి. చేయి తీసేయండి. పది పదిహేను నిమిషాలు ఆ బొమ్మను పక్కన పెట్టి ఇంకో బొమ్మ బూట్లకు రంగు వేసుకోండి. తడి మెరుపు పూర్తిగా పోయాక రెండో పూత. మచ్చలు దాదాపు మాయమవుతాయి. ఇంకా ఎక్కడైనా బూడిద కనబడితే మూడోది. రెండు పలచని పూతలు అనే నియమం ఈ రంగంలో అందరి నోటా వింటాం. రెండు అనే అంకెకు పవిత్రత ఏమీ లేదు. కింది రంగు కనబడనంత వరకు వేయాలి, ప్రతి పూతా పలచగా ఉండాలి. పసుపుకు నాలుగైనా పట్టవచ్చు. అందుకే పసుపు కింద ముందుగా కాషాయమో లేత గోధుమో వేసుకుంటే రెండు పూతలు కలిసివస్తాయి. తెలుపు కింద లేత బూడిద వేయండి.

ఇప్పుడు అసలు ఎరుపును సమానంగా నీళ్లు కలిపి, మడతల గుంటలు వదిలి, ఎత్తైన భాగాల మీద వేయండి. ఆరాక గుంటకూ గట్టుకూ మధ్య గీత గట్టిగా కనబడుతుంది. ఆ గీతను కరిగించేది గ్లేజ్. నేల పూత రంగునే ఒకటికి ఆరు చొప్పున నీళ్లు, మీడియంతో పలచన చేసి, కుంచెను టిష్యూ మీద బాగా తుడిచి, గట్టు వైపు నుంచి గుంట వైపు లాగండి. కుంచె గీత ఎక్కడ ఆగుతుందో అక్కడే ఎక్కువ రంగు దిగుతుంది. అందుకే నీడ ఎక్కడ కావాలో గీత అక్కడ ముగియాలి. ఒక్క గ్లేజ్‌తో తేడా కనబడీ కనబడనట్టు ఉంటుంది. నాలుగైదు పడ్డాక, ఎరుపు నీడలోకి ఎక్కడ జారిందో చెప్పలేనంత మెత్తగా కలిసిపోతుంది. ఒక్కో గ్లేజ్ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలన్నది తప్పించుకోలేని షరతు. హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో దూరం నుంచి పట్టుకోవచ్చు.

చివరగా ఎరుపులో కొద్దిగా కాషాయం కలిపి మడతల శిఖరాల మీద సన్నని గీతలు. ఇక్కడ తెలుపు కలిపితే ఎరుపు గులాబీ రంగులోకి పోతుంది.

చెడితే

పూత ఇసుకలా గరుకుగా ఉంటే ఎండలో గాని, దూరం నుంచి గాని స్ప్రే చేశారన్నమాట. పైపైన ఉంటే గట్టి టూత్‌బ్రష్‌తో పొడిగా తోమితే కొంత రాలుతుంది. తెల్లటి మసక వస్తే పొడి వాతావరణం ఉన్న రోజున అదే ప్రైమర్ ఇంకో పలచని వరుస కొట్టి చూడండి, చాలాసార్లు సర్దుకుంటుంది. రంగు ముత్యాల్లా విడిపోతుంటే ఒంటి మీద వేలి జిడ్డు ఉంది, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. చుట్టూ ముదురు గీతలు మిగిలితే కుంచె సరిగా తుడవలేదు. అదే నేల రంగుతో ఒక పలచని పూత వేస్తే గీత మాయమవుతుంది.

చెక్కడమంతా మునిగిపోయిన బొమ్మను మాత్రం మొదటికి తీసుకురావడమే మేలు. ఈ పనికి మన ప్రతి ఇంట్లో ఉండే డెటాల్ అమోఘంగా పనిచేస్తుంది. గట్టి ప్లాస్టిక్ గాని, లోహపు బొమ్మ గాని అయితే గాజు సీసాలో నీళ్లు కలపని డెటాల్‌లో పూర్తిగా మునిగేలా ఉంచి ఒక రోజు మూత పెట్టండి. మర్నాడు తొడుగులు వేసుకుని, టూత్‌బ్రష్‌ను కూడా డెటాల్‌లోనే ముంచి తోమండి. ఈ దశలో నీళ్లు తగలకూడదు. తగిలితే కరిగిన రంగు బంకలా మారి మడతల్లో కూరుకుపోతుంది. రంగంతా వచ్చాక శుభ్రమైన డెటాల్‌తో ఒకసారి కడిగి, అప్పుడు సబ్బు నీళ్లతో తోమండి. రెజిన్ బొమ్మలు రకరకాలు కాబట్టి ముందు పీఠం అడుగు భాగంలో చిన్న చోట పరీక్షించండి. నెయిల్ పాలిష్ తీసే ద్రవాల్లో చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. అతికించిన చేతులు, ఆయుధాలు ఊడివస్తే ఆరాక మళ్లీ అతికించుకుని, అచ్చు గీతలు మరోసారి చూసుకుని, ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి.